ఒకే ట్రాలీకి రెండు రోగాలు: కర్ర వేస్తే వెనక ఊగుతుంది, ఇసుక వేస్తే ముందు చక్రాలు లేస్తాయి

బూర్గంపాడు_రైతు
నాది 45 హెచ్‌పీ ట్రాక్టరు. ఈ ఏడాదే రెండు చక్రాల టిప్పింగ్ ట్రాలీ చేయించాను. లోపల 11 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ధాన్యం బస్తాలు వేస్తే ఏ గొడవా లేదు, చక్కగా వస్తుంది.

జామాయిల్ కర్ర వేసి సారపాక రోడ్డెక్కితే మాత్రం నరకం. టాప్ గేర్‌లో వేగం 25 దాటిందంటే ట్రాలీ వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతుంది, మళ్ళీ తొక్కితే మళ్ళీ మొదలు. ఎదురుగా బస్సు వస్తే ఒకటే టెన్షన్.

రెండో బాధ దీనికి పూర్తిగా తలకిందులు. ఇంటి పనికి వాగు నుంచి ఇసుక తోలుతున్నాను (అనుమతి కూపన్ తీసుకునే, ఎవరూ కంగారు పడొద్దు). గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు నేల వదిలేస్తున్నాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు.

మెకానిక్ ఏమో ట్రాలీ టైర్లు మార్చమంటాడు. వెల్డింగ్ షాపు ఆయన డ్రాబార్ (ట్రాలీని ట్రాక్టరుకు కలిపే ముందు కడ్డీ) పొడుగు చేయిద్దాం అంటాడు. మా డ్రైవర్ ముందు బంపర్ మీద రెండు బండరాళ్ళు కట్టేద్దాం అంటాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

పాత_డ్రైవర్
కర్ర ట్రక్కు, అంటే నీ ట్రాలీ, దాటి వెనక్కి ఎంత బయటికి వస్తోంది? ముందు అది చెప్పు తమ్ముడూ. టైర్లూ వెల్డింగూ తర్వాత చూద్దాం.

బూర్గంపాడు_రైతు
ముక్కలు 12 అడుగులవి. వెనక డోరు తీసేసి వేస్తాం. హమాలీలు వెనక నుంచి తోస్తారు కదా, ముందు బోర్డుకు ఆనేదాకా ఎవరూ తోయరు. అక్కడ ఓ అడుగు ఖాళీ ఉండిపోతుంది. వెనక రెండడుగులు బయటికి ఉంటుంది.

పాత_డ్రైవర్
దొరికింది దొంగ.

ఎడ్లబండి తోలిన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బండికి బరువు వెనకైతే నొగలు పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. మరీ ముందైతే కాడి మెడల మీద కూర్చుంటుంది, ఎడ్లు అడుగు వెయ్యలేవు. అందుకే మా నాన్న బస్తాలు వేశాక కాడి చేత్తో ఎత్తి చూసేవాడు, కొంచెం బరువు తగలాలి, అంతే. నీ ట్రక్కుకీ అదే లెక్క. కర్ర వేసినప్పుడు నీకు బరువు వెనకుంది. ఇసుక వేసినప్పుడు ముందుంది. రెండు రోగాలు కావు, ఒకటే.

నల్లరేగడి
టైర్ల సంగతి అంత తేలిగ్గా కొట్టేయకండి. నా ట్రాలీ కూడా ఇలాగే ఊగేది. కుడి టైరులో గాలి సగం కూడా లేదు, చూస్తే తెలియలేదు. గేజీ పెట్టి రెండూ సమానం చేశాక సగం ఊపు పోయింది.

పాత_డ్రైవర్
సగమే పోయిందిగా. మిగతా సగం?

నల్లరేగడి
మిగతా సగం మా బావమరిది డ్రైవింగ్. దానికి మందు లేదు.

వెల్డింగ్_మేస్త్రి
డ్రాబార్ పొడుగు చెయ్యమన్నాయన తప్పు చెప్పలేదు. ట్రాలీని హుక్కుకు తగిలించే పిన్నుకీ ట్రాలీ యాక్సిల్‌కీ (ఇరుసుకీ) మధ్య దూరం ఎంత ఎక్కువ ఉంటే ట్రాలీ అంత నిదానంగా తిరుగుతుంది, అంత నిలకడగా ఉంటుంది. మా షాపుకు వచ్చే కురచ ట్రాలీలన్నీ రోడ్డు మీద ఎగిరెగిరి పడేవే. రివర్స్ చేసేటప్పుడు కూడా పొడుగు డ్రాబార్ తేలిక, కురచదైతే చిటికెలో మడతపడుతుంది. ఓ రెండడుగులు అతుకు వేయించి అతుకు బలానికి గస్సెట్ ప్లేట్లు కొట్టిస్తే పని అయిపోతుంది.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో ఇల్లు మారిన ప్రతి తెలుగువాడికీ ఈ పాఠం ఒకసారి వస్తుంది. యూ-హాల్ ట్రైలర్ అద్దెకు తీసుకుంటే వాళ్ళు చెప్పే మొదటి మాట: సామాను బరువులో 60 శాతం ట్రైలర్ ముందు సగంలో ఉండాలి. రెండో మాట: గంటకు 55 మైళ్ళు దాటొద్దు. కారుకో పికప్‌కో తగిలించే మామూలు ట్రైలర్‌కి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (మన హుక్కు) మీద పడాలని ఇక్కడి లెక్క. అంతకంటే తగ్గితే తోక ఊపుతుంది, బాగా పెరిగితే బండి వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి. మీ రెండు రోగాలూ అచ్చం అవే.

ఊగడం మొదలైతే ఏం చెయ్యాలో కూడా నేర్పుతారు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలెయ్యాలి. ఊపుకు ఎదురు తిప్పబోతే ఊపు ఇంకా పెరుగుతుంది. బండి బ్రేకు గట్టిగా తొక్కితే వెనక ట్రైలర్ వచ్చి నెట్టేస్తుంది. ట్రైలర్‌కి కరెంటు బ్రేకులుంటే వాటిని మాత్రం విడిగా చేత్తో వేస్తాం, అవి వెనక్కి లాగి తిన్నగా చేస్తాయి.

కమాన్‌పట్టీ
బాబాయ్, ట్రైలర్‌కి బ్రేకులా! ఇక్కడ ట్రాలీకి వెనక లైటు ఉంటేనే ఊరంతా మెచ్చుకుంటారు.

డల్లాస్_బాబాయ్
అది తెలుసు నాయనా, నేనూ తెనాలి వాణ్ణే. అందుకే మీకు లోడు సర్దుకోవడం ఇంకా ముఖ్యం. తప్పు దిద్దుకోవడానికి వేరే సాధనం లేదు కదా.

గోదారి_గట్టు
55 మైళ్ళ లెక్క తెచ్చి 25 కిలోమీటర్ల ట్రాక్టరుకు చెప్తారేంటి? మన ట్రాక్టరు బరువు రెండు టన్నులు, ట్రాలీ లోడుతో ఆరు టన్నులు. కారు కంటే ట్రైలర్ తేలిక మీ దగ్గర. ఇక్కడ లాగేదాని కంటే లాగబడేది మూడింతలు. రెండూ ఒకటెలా అవుతాయి?

బాపట్ల_బ్యాచ్
@గోదారి_గట్టు అభ్యంతరం సగం సరైనదే. శాతాలు కారుకు వేరు, ట్రాక్టరుకు వేరు. కానీ పనిచేసే సూత్రం ఒకటే. ప్రతి రెండు చక్రాల ట్రాలీకీ ఒక వేగం ఉంటుంది. ఆ వేగం లోపల చిన్న ఊపు వస్తే తనంతట తానే సర్దుకుంటుంది, దాటితే పెరుగుతూ పోతుంది. బరువు యాక్సిల్ వెనక్కి జరిగేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. కర్ర వేసినప్పుడు ఆయనకు అది 25 దగ్గరికి దిగిందన్నమాట. లాగేదాని కంటే లాగబడేది బరువు కాబట్టి మన దగ్గర ఇంకా తొందరగా దిగుతుంది.

ఇప్పుడు ముందు చక్రాల సంగతి. మామూలు 45 హెచ్‌పీ ట్రాక్టరు ముందు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 2 మీటర్లు. పిన్ను వెనక యాక్సిల్‌కి సుమారు 70 సెం.మీ. వెనక ఉంటుంది. అంటే పిన్ను మీద 100 కిలోలు పడితే ముందు చక్రాల మీద 35 కిలోలు తగ్గుతుంది, వెనక చక్రాల మీద 135 పెరుగుతుంది. అందుకే కొంత బరువు పిన్ను మీద ఉండటం మంచిదే, వెనక టైర్లకు పట్టు వస్తుంది, బురదలో జారవు. ఎక్కువైతే స్టీరింగ్ పోతుంది. ట్రాక్టరు బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద మిగలాలి.

ఊహాగానాలు ఎందుకు, కాటా మీద తేల్చుకోండి. ముందు ఖాళీ ట్రాక్టరును ఒక్కదాన్నే తూచండి. తర్వాత లోడు ట్రాలీ తగిలించి, ట్రాక్టరు నాలుగు చక్రాలు కాటా మీద, ట్రాలీ చక్రాలు బయట ఉండేలా నిలపండి. పిన్ను తియ్యొద్దు. రెండు అంకెల తేడాయే పిన్ను మీద బరువు. వీలైతే ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి అది కూడా రాసుకోండి. కాటా ముందూ వెనకా నేల సమంగా ఉండాలి, గుంటలో ట్రాలీ నిలబెడితే లెక్క తప్పుతుంది.

వెల్డింగ్_మేస్త్రి
నా డ్రాబార్ మాట ఎవరూ ఎత్తరేం?

బాపట్ల_బ్యాచ్
మేస్త్రీ, పొడుగు చేస్తే నిలకడ పెరుగుతుందన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కాకపోతే పిన్ను దూరం పెరిగేకొద్దీ అదే లోడుకు పిన్ను మీద పడే బరువు తగ్గుతుంది. ఇసుకకు మంచిది, ఇప్పటికే వెనక బరువున్న కర్రకు ఆ లాభం కొంత తగ్గుతుంది. పైగా పొలం గేటు దగ్గర మలుపులో ట్రాలీ ఇంకా లోపలికి కోసుకు వస్తుంది. ముందు లోడు సర్ది చూసి, అప్పటికీ తగ్గకపోతే మీ దగ్గరికి పంపిద్దాం.

వెల్డింగ్_మేస్త్రి
సరే. షాపు ఆదివారం కూడా తెరిచే ఉంటుంది.

పత్తి_చేను_పద్మ
మీరంతా ముందూ వెనకా అంటున్నారు, పక్కల సంగతి కూడా చూడండి అన్నా. మాది ఆదిలాబాద్ వైపు. పత్తి ట్రాలీకి చుట్టూ కర్రలు పాతి తాటిపత్రి కట్టి మనిషెత్తు పైన ఇంకో మనిషెత్తు వేస్తారు. బరువు ఎక్కువ కాదు, కానీ ఎత్తు. జిన్నింగ్ మిల్లు మలుపు దగ్గర కుడి చక్రం రోడ్డు దిగితే చాలు, నిదానంగా ఒరిగిపోతుంది. పోయినేడు మా చిన్నాన్న వాళ్ళ ట్రాలీ అలాగే కాలువలోకి ఒరిగింది. ట్రాక్టరు మాత్రం నిలబడే ఉంది, పిన్ను మెలితిరిగింది. అంతకుముందు ఊళ్ళో కూలీలను దింపేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పైన ఎనిమిది మంది కూర్చుని ఉండేవాళ్ళు.

లోడు పైన మనుషుల్ని ఎక్కించుకోవడం మా ఇంట్లో అప్పటి నుంచి బంద్.

కమాన్‌పట్టీ
ట్రాలీ పడినా ట్రాక్టరు పడకపోవడానికి కారణం హుక్కు తిరిగే రకం అయి ఉంటుంది. కొన్నిటికి డ్రాబార్ కన్ను (పిన్ను దూరే కన్నం) దగ్గర గుండ్రంగా తిరిగే ఏర్పాటు ఉంటుంది. లేనివాటికి ట్రాలీ ఒరిగితే ట్రాక్టరును కూడా లాగేస్తుంది.

పత్తి_చేను_పద్మ
అది తెలియదు, మెకానిక్‌ని అడిగి చెప్తా.

పాడేరు_ఘాట్
ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు, దిగడం అసలు పరీక్ష. మా వైపు ఘాట్‌లో ఇటుక లోడుతో దిగేటప్పుడు డ్రైవర్లు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు. ఆరు టన్నుల ట్రాలీకి బ్రేకు లేదు, ఆపాల్సింది రెండు టన్నుల ట్రాక్టరు. ట్రాలీ వచ్చి వెనక నుంచి నెడుతుంది, ట్రాక్టరు వెనక భాగం పక్కకు జారుతుంది, రెండూ కత్తెరలా మడతపడతాయి. పిన్ను మీద బరువు తక్కువుంటే ట్రాక్టరు వెనక టైర్లకు పట్టు కూడా ఉండదు, ఇంకా తొందరగా జారుతుంది.

ఏ గేర్‌లో ఎక్కాలో ఆ గేర్‌లోనే దిగాలి. దిగడం మొదలుపెట్టాక గేర్ మార్చబోకండి, క్లచ్ తొక్కిన ఆ క్షణం చాలు. ఇంకోటి, రోడ్డెక్కే ముందు కుడి ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపి లాక్ వేశారా లేదా చూడండి. పొలంలో విడదీసి మర్చిపోతారు. రోడ్డు మీద ఒక్క పెడల్ తొక్కితే బండి గింగిరాలు తిరుగుతుంది.

పాత_డ్రైవర్
ఈ లాకు మాట బంగారం. నేను ఎవరి ట్రాక్టరు ఎక్కినా ముందు కాలితో అదే చూస్తా.

చోడవరం_చెరకు
మా వైపు చెరకు కట్టలు అడ్డంగా వేస్తారు, రెండు వైపులా బయటికి. ఊగడం తక్కువే కానీ ఎదురొచ్చే మోటారు సైకిల్ వాళ్ళు మమ్మల్ని తిట్టని రోజు లేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ వైపు పని చేసి వచ్చిన మా తమ్ముడు అంటాడు, అక్కడ ఒక ట్రాక్టరుకు రెండేసి ట్రాలీలు తగిలించి ఫ్యాక్టరీకి తోలుతారట. మొదటి ట్రాలీ జానెడు కదిలితే రెండోది మూరెడు కదులుతుందని చెప్పాడు.

బాపట్ల_బ్యాచ్
ఎన్ని అతుకులుంటే వెనకదానికి ఊపు అంత పెరుగుతూ చేరుతుంది. మీ తమ్ముడు సరిగ్గానే చూశాడు.

గోదారి_గట్టు
బంపర్ మీద బండరాళ్ళ ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. అందరూ చేసే పనే కదా, అందులో తప్పేముంది?

కమాన్‌పట్టీ
రాయి తాడు తెంచుకుని ముందు చక్రం కింద పడితే తెలుస్తుంది తప్పేముందో. ముందుకు బిగించే ఇనప బరువులు కంపెనీ వాళ్ళే ఇస్తారు, బోల్టులతో బిగుస్తాయి. ఇంకా ఘోరం, కొంతమంది బంపర్ మీద మనిషిని నిలబెట్టి గట్టు ఎక్కిస్తారు. మనిషిని ఇనప బరువులా వాడటమే అది.

గోదారి_గట్టు
వెనక టైర్లలో నీళ్ళు పట్టిస్తే?

బాపట్ల_బ్యాచ్
దమ్ము చేసేటప్పుడు, దున్నేటప్పుడు పట్టు కోసం నీళ్ళు బాగా పనికొస్తాయి. 13.6-28 సైజు టైరుకు వాల్వు పైకి పెట్టి ముప్పావు వంతు నింపితే ఒక్కోదానికి దాదాపు 200 లీటర్లు పడుతుంది. కానీ ఆ బరువు వెనక యాక్సిల్ మీదే కూర్చుంటుంది, ముందు చక్రాల మీద గ్రాము కూడా పెరగదు. ముందు లేచే రోగానికి అది మందు కాదు. ముందు బరువులే పెట్టాలి, లేదా పిన్ను మీద బరువు తగ్గించాలి, లేదా హుక్కు కిందికి దించాలి.

కోనసీమ_కొబ్బరి
హుక్కు కిందికి దించితే ఏమవుతుంది? మా ట్రాక్టరుకు వెనక ప్లేటుకు నాలుగు రంధ్రాలున్నాయి. డ్రైవర్ ఎప్పుడూ పైదాన్లోనే పెడతాడు, వంగక్కర్లేదని.

బాపట్ల_బ్యాచ్
ఆయన నడుము బాగుంటుంది, మీ ముందు యాక్సిల్ బాగుండదు.

లెక్క వేసి చూద్దాం. 6.4 టన్నుల ట్రాలీ, పదికి ఒకటి వాలు, మెత్తటి నేల. వాలుకు 640, నేల ఒరిపిడికి 300 పైన, మొత్తం 950 కిలోల లాగుడు. హుక్కు నేలకు 50 సెం.మీ. ఎత్తులో ఉంటే ఈ లాగుడు ఒక్కటే ముందు చక్రాల మీద 240 కిలోలు తగ్గిస్తుంది. పిన్ను మీద నిలువుగా పడే బరువు తగ్గించేది దీనికి అదనం. హుక్కు 10 సెం.మీ. దించితే అందులో 50 కిలోలు తిరిగొస్తాయి. మరీ దించితే ట్రాలీ ముందుకు వాలుతుంది, కాబట్టి ట్రాలీ నేల సమంగా ఉండేంత వరకే.

టాప్ లింక్ (నాగలి లాంటివి బిగించే పై కడ్డీ) దగ్గర, లేదా వెనక యాక్సిల్ కంటే ఎత్తులో గొలుసు కట్టి ఎప్పుడూ ఏదీ లాగకండి. బురదలో కూరుకున్న బండిని లాగేటప్పుడు ఇదే చేస్తారు. ట్రాక్టరు వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు, క్లచ్ మీదికి కాలు వెళ్ళే లోపే అయిపోతుంది.

కోనసీమ_కొబ్బరి
నాగలిని ఎత్తే కింది లింకుల మధ్య రంధ్రాల పట్టీ ఉంటుంది కదా, దానికి ట్రాలీ తగిలించొచ్చా? మా పక్కింటాయన అలాగే చేస్తాడు.

పాత_డ్రైవర్
వద్దు. ఆ పట్టీ నాగలికీ గొర్రుకీ. లోడు ట్రక్కు తగిలించి ఎవరైనా లివర్ కదిపితే హుక్కు ఎత్తు మారిపోతుంది. నీ పక్కింటాయనకి ఇంకా ఏమీ కాలేదంటే అది ఆయన అదృష్టం, ఇంజనీరింగ్ కాదు.

బూర్గంపాడు_రైతు
కాటాకు వెళ్ళొచ్చాను. కాటా ఆయన మొదట "ఇలా తూచడం ఏంటి, చీటీ మీద ఏ నంబరు రాయాలి" అని విసుక్కున్నాడు, రెండు చాయ్‌లు చెప్పాక ఆయనే ఉత్సాహంగా చేయించాడు.

ట్రాక్టరు ఒక్కటే: 2,100 కిలోలు. ముందు చక్రాలు 840.
కర్ర లోడు 4.5 టన్నులు. ట్రాలీ ఖాళీ బరువు 1.4 టన్నులు. పిన్ను మీద 120 కిలోలు.
ఇసుక లోడు 5 టన్నులు. పిన్ను మీద 1,350 కిలోలు. ముందు చక్రాల మీద మిగిలింది 370.

కర్రకు 2 శాతం, ఇసుకకు 21 శాతం. ఒకటే ట్రాలీ! నాకైతే నమ్మబుద్ధి కాలేదు, ఇసుకది రెండోసారి తూయించాను.

బాపట్ల_బ్యాచ్
చూశారా. 2,100లో 20 శాతం 420, మీకు చదును నేల మీదే 370 ఉంది. గట్టు ఎక్కేటప్పుడు అందులోంచి 240 పోతుంది. ట్రాక్టరే వెనక్కి వాలుతుంది కాబట్టి ఇంకో 80 వరకు పోతుంది. మిగిలేది 50 కిలోలు. క్లచ్ కాస్త విసురుగా వదిలితే అదీ ఉండదు.

ఇసుక ముందుకు ఎందుకు చేరుతోంది? జేసీబీతో పోయిస్తున్నారా?

బూర్గంపాడు_రైతు
అవును, ముందు బోర్డు దగ్గర కుప్ప పోసి వెళ్ళిపోతాడు. పారతో సర్దే ఓపిక ఎవరికీ లేదు.

పాత_డ్రైవర్
జేసీబీ అబ్బాయికి చెప్పు, మొదటి బొచ్చె యాక్సిల్ మీద పొయ్యమని. తడి ఇసుక కూడా చూసుకో. ఒక యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, పొడిదైతే నాలుగున్నర టన్నులు. వాగులోంచి అప్పుడే తీసింది అయితే ఐదు దాటుతుంది. చూపుకు రెండూ ఒకటే, ట్రాక్టరుకు కాదు.

కర్రకు ఇంకో చిట్కా. మొదళ్ళు ఎటువైపు ఉంటున్నాయి?

బూర్గంపాడు_రైతు
మొదళ్ళు వెనక్కి. లావు వైపు పట్టుకుని తొయ్యడం తేలికని.

పాత_డ్రైవర్
ఇదిగో, ఇది కూడా తోడైంది. లావు చివరలన్నీ తోకకు పెట్టారు. సగం కర్ర మొదళ్ళు ముందుకు తిప్పి వేయించు, ఇంకా మంచిది అంతా ముందుకే. ముందు బోర్డుకు ఆనేదాకా తోయించు. బయటికి వచ్చిన చివరకు ఎర్రగుడ్డ కట్టు, రాత్రయితే లైటు.

బాపట్ల_బ్యాచ్
లెక్క కూడా ఆయన పక్షమే. మీ పిన్నుకీ యాక్సిల్‌కీ మధ్య 3 మీటర్లు అనుకుంటే, 4.5 టన్నుల కర్రను ఒక్క అడుగు ముందుకు జరిపినందుకు పిన్ను మీద 450 కిలోలు పెరుగుతుంది. 120 కాస్తా 570, అంటే పది శాతం దగ్గర. రూపాయి ఖర్చు లేదు.

గోదారి_గట్టు
ఒప్పుకుంటున్నా, అడుగు జరిపితే అంత తేడా వస్తుందని అనుకోలేదు. అయినా రోడ్డు మీద 20 దాటకుండా వెళ్తే ఈ గొడవలేవీ ఉండవు కదా?

డల్లాస్_బాబాయ్
చదును రోడ్డు మీద నిజమే. వాలులో దిగేటప్పుడు నువ్వు వద్దన్నా వేగం 30 అవుతుంది. పక్క నుంచి లారీ గాలి కొడితే ఊపు మొదలవుతుంది. నిదానంగా వెళ్ళడం, సరిగ్గా సర్దడం, రెండూ కావాలి.

బూర్గంపాడు_రైతు
కర్ర మొదళ్ళు ముందుకు తిప్పించి, బోర్డుకు ఆనించి, హుక్కు ఒక రంధ్రం దించి తోలాను. 30 దాకా వెళ్ళి చూశాను, పెద్ద ఊపు పోయింది. ఇసుక యాక్సిల్ మీద పోయిస్తే గట్టు మీద ముందు చక్రాలు నేలకు ఆనే ఉంటున్నాయి. డ్రైవర్ బండరాళ్ళ మాట మానేశాడు, కొంచెం అలిగాడు కూడా.

గుంతల రోడ్డులో మాత్రం ఇంకా టకటకమని చిన్న కుదుపు వస్తోంది, ముందుకీ వెనక్కీ కొట్టుకుంటున్నట్టు.

నల్లరేగడి
పిన్ను, కన్నం చూశారా? పిన్ను తీసి కన్నంలో వేలు తిప్పండి. అరిగితే గుండ్రంగా ఉండదు, పొడుగ్గా ఉంటుంది.

బూర్గంపాడు_రైతు
పాత ట్రాలీ పిన్నే వాడుతున్నా. సన్నది, కన్నంలో గిలగిల కొట్టుకుంటోంది. కొత్త ట్రాలీకి కన్ను పెద్దది.

నల్లరేగడి
సైజుకు సరిపోయే పిన్ను వేయించండి, కింద లాకు పిన్ను మర్చిపోకండి. అలాగే ఖాళీ ట్రాలీని జాకీ మీద లేపి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి. బేరింగ్ ఆట ఉంటే అక్కడే తెలుస్తుంది. నేను టైర్ల గురించి చెప్పింది కూడా చూసుకోండి, గాలి రెండు వైపులా సమానంగా ఉందా అని.

కమాన్‌పట్టీ
సేఫ్టీ గొలుసు కూడా వేయించుకోండి అన్నా. పిన్ను విరిగితే ట్రాలీ ఎటు పోతుందో దేవుడికే తెలియదు. డ్రాబార్ కింద ఒకదానికొకటి అడ్డంగా, కత్తెరలా, రెండు గొలుసులు, డ్రాబార్ పడితే వాటి మీద పడేలా.

వెల్డింగ్_మేస్త్రి
గొలుసు కొక్కేలు, కన్నానికి కొత్త బుష్, రెండూ నా దగ్గరే చేయించుకోండి. డ్రాబార్ పోతే పోయింది, ఈ పనైనా ఇవ్వండి.

బూర్గంపాడు_రైతు
తప్పకుండా మేస్త్రీ, కానీ మీరు ఏ ఊరో చెప్పనేలేదు.

వెల్డింగ్_మేస్త్రి
జంగారెడ్డిగూడెం.

బూర్గంపాడు_రైతు
దగ్గరే, వచ్చే వారం వస్తా. ఇప్పుడు కొత్త తలనొప్పి. కర్ర తిప్పి వెయ్యాలంటే ఒక్కో ముక్కకు ఇద్దరు కావాలట, హమాలీలు ట్రాలీకి 200 అదనం అడుగుతున్నారు. మీ వైపు ఎంత నడుస్తోంది?

పాత_డ్రైవర్
ఇచ్చెయ్. లేదంటే నరికే చోటే కుప్పలు మొదళ్ళు ట్రక్కు ముందువైపుకు వచ్చేలా పేర్పించు, అప్పుడు తిప్పే పనే ఉండదు. నరికేవాళ్ళకి ముందు రోజు చెప్పాలి.

చోడవరం_చెరకు
మా వైపు హమాలీలు టన్ను లెక్కన తీసుకుంటారు, ఎలా వేసినా ఒకటే రేటు. కానీ భోజనం మనదే.